కురవని ట్రైలర్లు: ఎల్క్‌హార్ట్ నుంచి బిజ్బీ దాకా

కారు వెనక తగిలించి లాక్కెళ్లే 1950ల నాటి అమెరికన్ ఇంటి బండి, అంటే ట్రైలర్, ఇవాళ్టికీ నిలబడి ఉందంటే, ఇన్నేళ్లూ దాని కప్పు కురవకుండా ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉన్నారన్నమాట. రంగు, క్రోమియం, గళ్ల కర్టెన్లు తర్వాతి సంగతి. ఈ పాత బళ్లను చూడ్డానికీ, వాటిలో ఒక రాత్రి పడుకోడానికీ వెళ్లేవాళ్లు అతుకులు చూడటం నేర్చుకుంటే పెట్టిన డబ్బుకు రెండింతలు దక్కుతుంది.

మొదలుపెట్టాల్సింది ఇండియానాలోని ఎల్క్‌హార్ట్‌లో. షికాగో నుంచి 80/90 టోల్‌ రోడ్డు మీద సుమారు 110 మైళ్లు. బయల్దేరే ముందు ఒక్క లెక్క సరిచూసుకోవాలి: షికాగోది సెంట్రల్ టైమ్, ఎల్క్‌హార్ట్‌ది ఈస్టర్న్. ఇది మర్చిపోయి మధ్యాహ్నం తీరిగ్గా బయల్దేరితే, దారిలో గంట పోయి, మ్యూజియం మూసే వేళకు చేరుకుంటారు. అమెరికాలో తయారయ్యే ఆర్‌వీల్లో (ప్రయాణంలో బస చేసే ఇంటి బళ్లలో) అత్యధిక భాగం ఈ ఊరి చుట్టుపక్కలే తయారవుతాయి కాబట్టి ఆర్‌వీ/ఎంహెచ్ హాల్ ఆఫ్ ఫేమ్ ఇక్కడ ఉండటం సబబే. 1913 నాటి ఎర్ల్ ట్రైలర్, నటి మే వెస్ట్ కోసం చేసిన 1931 నాటి షెవ్రొలే హౌస్‌కార్ అందరూ ఫొటోలు తీసుకునే చోట్లు. వాటి దగ్గర పది నిమిషాలు చాలు. మిగతా రెండు గంటలూ రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి ట్రైలర్ల దగ్గర గడపండి. చాలావాటి తలుపులు తెరిచే ఉంటాయి.

అక్కడ రెండు జాతులు కనిపిస్తాయి. ఒకటి చెక్క చట్రానిది. పక్కనుంచి చూస్తే హామ్ మాంసం డబ్బాలా ఉంటుందని అమెరికన్లు దీన్ని ‘క్యాన్డ్ హామ్’ అంటారు. షాస్టా ట్రైలర్లు ఈ జాతివే, వెనక వైపు అల్యూమినియం రెక్కలతో ఇట్టే గుర్తుపట్టొచ్చు. సన్నని చెక్క బద్దల చట్రం, లోపల అంగుళంలో ఎనిమిదో వంతు మందం బర్చ్ ప్లైవుడ్, బయట పల్చటి అల్యూమినియం రేకు. అంతే ఇల్లు. రేకులు కింద నుంచి పైకి, పెంకుల మీద పెంకుల్లా ఒకదాని అంచు మీద ఇంకోటి వచ్చేలా పరుస్తారు. అన్నిటికన్నా చివర కప్పు. పక్క గోడ, కప్పు కలిసే అంచు పొడవునా ఒక అల్యూమినియం పట్టీ ఉంటుంది. దాన్ని ‘జె రైల్’ అంటారు. ట్రైలర్ ప్రాణం అందులోనే ఉంది. పట్టీ కింద పెట్టిన పుట్టీ పదిహేను, ఇరవై ఏళ్లకు ఎండి పెళుసై, స్క్రూ రంధ్రాల్లోంచి నీళ్లు దిగుతాయి. బయటికి ఏమీ కనిపించదు. లోపల చట్రం తేయాకు పొట్టులా అయిపోయాక మాత్రమే, మూలల్లో ప్లైవుడ్ మీద టీ మరకల్లాంటి గుర్తులు పైకి వస్తాయి. మ్యూజియంలో ప్రతి ట్రైలర్ నాలుగు పై మూలలూ, కిటికీల కింది మూలలూ చూడండి. ప్రదర్శన బళ్లలో కూడా కొన్నింటికి ఆ మరక దొరుకుతుంది. మరమ్మతు చేసినచోట కొత్త చెక్క రంగు తేడాగా తెలుస్తుంది. దాచకుండా వదిలిన మరమ్మతే మంచి మరమ్మతు.

లోపలి గోడల తేనె రంగు చాలాసార్లు లక్క పాలిష్ వల్ల వచ్చింది. మన ఏటికొప్పాక బొమ్మల మెరుపుకు మూలమైన లక్కే అది. దానికి రెండు శత్రువులున్నాయి. స్పిరిట్ తగిలితే కరుగుతుంది, ఆవిరి తగిలితే పాలు పోసినట్టు తెల్లబారుతుంది. అందుకే బస చేసే ట్రైలర్‌లో కుక్కర్ పెట్టే ఆలోచన ఉంటే మానుకోండి. ఇంగువ తాలింపు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ ప్లైవుడ్ వాసనను ఏళ్ల తరబడి పట్టుకుంటుంది, తర్వాత వచ్చే అతిథికి అది ఎవరి వంటో తెలిసిపోతుంది.

రెండో జాతి పూర్తి అల్యూమినియందీ, రేకులను కలిపి పట్టే రివెట్లదీ. వెండిలా మెరిసే ఎయిర్‌స్ట్రీమ్ బళ్లు అందరికీ తెలుసు, స్పార్టన్ తెలియాలి. ఒక్లహోమాలోని టల్సాలో విమానాలు చేసిన స్పార్టన్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీ, చమురు కోటీశ్వరుడు జె. పాల్ గెట్టీ చేతి కింద, యుద్ధం అయ్యాక అదే పనితనంతో ట్రైలర్లు కట్టింది. కిటికీ చుట్టూ వంపులు, రివెట్ల వరస చూస్తే విమానం చేసిన చేతులని వెంటనే తెలుస్తుంది. చెక్క చట్రం లేదు కాబట్టి గోడ కుళ్లదు. అయితే నేల మాత్రం ప్లైవుడ్డే, అది కుళ్లుతుంది.

ఒక హెచ్చరిక. రెక్కలున్న ప్రతి షాస్టా పాతది కాదు. 2015లో ఫారెస్ట్ రివర్ కంపెనీ 1961 ఎయిర్‌ఫ్లైట్ మోడల్‌ను మళ్లీ తయారుచేసింది. షాస్టా పుట్టిన ఏడాదికి గుర్తుగా సరిగ్గా 1,941 బళ్లు. బస కోసం అద్దెకు ఇచ్చేవాళ్లు ‘వింటేజ్’ అన్నప్పుడు తయారైన ఏడాది అడగండి. కొత్తదైతే తప్పేం లేదు, పాతదాని ధర కట్టడమే తప్పు.

హాల్ ఆఫ్ ఫేమ్ పేరులోని ‘ఎంహెచ్’ అంటే మ్యానుఫాక్చర్డ్ హౌసింగ్, అంటే ఫ్యాక్టరీలో కట్టి తెచ్చి నిలబెట్టే ఇళ్లు. ఈ భాగాన్ని జనం చప్పున దాటేస్తారు, అది అన్యాయం. రోడ్డు మీద లాగడానికి ఎనిమిది అడుగుల వెడల్పే హద్దుగా ఉన్న రోజుల్లో, విస్కాన్సిన్‌లోని మార్ష్‌ఫీల్డ్ కంపెనీకి చెందిన ఎల్మర్ ఫ్రే 1950ల నడుమ పది అడుగుల వెడల్పు ఇంటిని తెచ్చాడు. ఆ రెండు అడుగులతో లోపల పక్కన నడవా వచ్చింది. పడకగదిలోకి వెళ్లాలంటే ఇంకొకరి పడకగదిలోంచి పోనక్కర్లేకుండా అయింది. ట్రైలర్ అప్పుడే ఇల్లయింది. విడ్డూరం ఏమిటంటే, చిన్న ట్రైలర్లు వేలల్లో బతికాయి, ఈ పెద్ద ఇళ్లు కనుమరుగవుతున్నాయి. 1976 జూన్ 15న ఫెడరల్ గృహనిర్మాణ శాఖ (హెచ్‌యూడీ) ప్రమాణాలు అమల్లోకి వచ్చాయి. అంతకు ముందు కట్టినవాటికి మామూలు ఇంటి రుణం దొరకడం కష్టం, చాలా ఊళ్లు వాటిని కొత్తగా తెచ్చి పెట్టనివ్వవు. ఉన్నచోట ఉంచితే స్థలం యజమాని తీసేయమంటాడు, కదిలిస్తే పెట్టుకునే చోటు లేదు. ఒక వాహనాన్ని గరాజ్‌లో దాచొచ్చు, యాభై అడుగుల ఇంటిని ఎక్కడ దాస్తారు? అందుకే వీటిని చూడాలంటే అవి ఇంకా నివాసాలుగా ఉన్న పాత పార్కులకే వెళ్లాలి. గాయకుడు బింగ్ క్రాస్బీ పెట్టిన, కాలిఫోర్నియాలో రాంచో మిరాజ్‌లోని బ్లూ స్కైస్ విలేజ్ అలాంటిదే. అక్కడ మనుషులు ఉంటున్నారు కాబట్టి కెమెరాతో వాకిళ్ల ముందు తచ్చాడటం మర్యాద కాదు. ఆ ప్రాంతానికి ఫిబ్రవరిలో వెళ్తే పామ్ స్ప్రింగ్స్ మాడర్నిజం వీక్‌లో పాత ట్రైలర్ల ప్రదర్శన ఉంటుంది. యజమానులు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటారు, అడిగిన ప్రశ్నకు ఓపిగ్గా జవాబు చెబుతారు. మ్యూజియంలో దొరకనిది అదే.

ఎల్క్‌హార్ట్ నుంచి ఫోర్ట్ వేన్ మీదుగా ఒహాయోలోని జాక్సన్ సెంటర్‌కు సుమారు మూడు గంటలు. కొలంబస్ వాళ్లకు ఇది ఒక్క పూట ప్రయాణం. ఎయిర్‌స్ట్రీమ్ 1952 నుంచి ఇక్కడే తయారవుతోంది. ఫ్యాక్టరీ సందర్శనకు ముందుగా బుక్ చేసుకోవాలి, పని జరిగే రోజు చూసుకోవాలి, చెప్పులు వేసుకుని వెళ్తే లోపలికి రానివ్వరు. ముందంతా మూసిన బూట్లు ఉండాలి. చూడాల్సింది రివెట్ కొట్టడం. బయట ఒకరు గన్ పట్టుకుంటే, గోడకు అవతల ఇంకొకరు ఇనుప దిమ్మె ఆనించి పట్టుకుంటారు. ఇద్దరి చేతులూ ఒకే క్షణంలో కలవాలి. ఇది చూశాక పాత బండి మరమ్మతు ఎందుకంత ఖరీదో అర్థమవుతుంది: ఒక్క రివెట్ అసలు పద్ధతిలో మార్చాలన్నా లోపలి గోడ మొత్తం విప్పాలి. అందుకే చాలామంది బయటినుంచే బిగించి, తల చెక్కేసే ఒలింపిక్ రివెట్లు వాడతారు. చూపుకు తేడా తెలియదు, బలంలో అసలుదే మేలు. తయారైన బండి మీద నీళ్లు గుప్పించి ఎక్కడైనా కురుస్తోందా అని పరీక్షించే చోటు కూడా ఈ ఫ్యాక్టరీలో ఉంది. పాత బండి యజమాని ఇంట్లో చేయాల్సిన పనీ అదే: ఒకరు బయటినుంచి పైపుతో నీళ్లు పట్టాలి, ఇంకొకరు లోపల టార్చి పట్టుకుని కూర్చోవాలి, కింది నుంచి పైకి, ఒక్కో అతుకుకూ ఐదు నిమిషాలు.

పక్కనే సుమారు పదిహేను మైళ్లలో నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ పుట్టిన ఊరు వాపకొనెటా, మ్యూజియంతో సహా. ఈ రెండు ఊళ్లకూ ఒక బంధుత్వం ఉంది. చంద్రుడి మీద నుంచి దిగివచ్చిన అపోలో 11 వ్యోమగాములను వేరుగా ఉంచిన గది, మార్చి కట్టిన ఎయిర్‌స్ట్రీమే. దాన్ని చూడాలంటే మాత్రం ఒహాయోలో కాదు, వర్జీనియాలోని షాంటిలీలో ఉడ్వర్-హేజీ సెంటర్ అనే విమాన, అంతరిక్ష మ్యూజియంకు వెళ్లాలి. ఆష్‌బర్న్, హెర్న్‌డన్‌లలో ఉండే తెలుగువాళ్లు ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను స్పేస్ షటిల్ చూపించడానికి ఎలాగూ తీసుకెళ్తారు. ప్రవేశం ఉచితం, పార్కింగ్‌కే డబ్బు. షటిల్ ఉన్న హాల్లోనే వెతకండి, కిటికీలున్న వెండి డబ్బా.

ఇక బస. అరిజోనాలోని బిజ్బీలో షేడీ డెల్ 1927లో హైవే 80 ప్రయాణికుల కోసం మొదలైన చోటు. ఫీనిక్స్ నుంచి మూడున్నర గంటలు, టూసాన్ నుంచి గంటన్నర పైన. పాత స్పార్టన్లు, ఎయిర్‌స్ట్రీమ్, ఇంకా కొన్ని వరసగా నిలబెట్టి, లోపల ఆ కాలపు రేడియోలు, కాఫీ పర్కొలేటర్లతో అమర్చారు. ఎదురుగా డాట్స్ డైనర్, అదీ 1957లో విచితాలో కట్టి, లారీ మీద ఎక్కించుకుని వెళ్లగలిగే చిన్న హోటలే. పాత ట్రైలర్ బస ఎలా ఉంటుందో నిజాయితీగా చూపే చోటు ఇది. అంటే ఇబ్బందులతో సహా. చాలావాటిలో స్నానాల గది లేదు, ఆవరణలో ఉన్న ఉమ్మడి గదులకు నడవాలి. మంచాలు 1950ల కొలతలు, ఇద్దరు పొడుగువాళ్లకు చాలవు. బిజ్బీ 5,500 అడుగుల ఎత్తులో ఉంది, అరిజోనా కదా అని పల్చటి బట్టలతో వెళ్తే శీతాకాలం రాత్రి వణుకుతారు. అల్యూమినియం గోడ బయటి చలిని సూటిగా లోపలికి తెస్తుంది, ఉదయానికి కిటికీ అద్దాల మీద మన ఊపిరే నీరై కారుతుంది. తలుపు పైన ఉన్న కిటికీ అంగుళం తెరిచి పడుకుంటే ఆ చెమ్మ తగ్గుతుంది. ఏ నెలల్లో తెరుస్తారో, పిల్లల వయసు నిబంధనలేమిటో బుక్ చేసేటప్పుడే అడగాలి, అన్ని కాలాల్లోనూ తెరిచి ఉండదు.

ఆరెగాన్‌లోని డేటన్‌లో ద వింటేజెస్ దీనికి ఎదురు చివర. పోర్ట్‌లాండ్, బీవర్టన్ నుంచి గంట లోపు. పరుపులు పెద్దవి, సౌకర్యం హోటల్‌తో సమానం. కుటుంబంతో వెళ్లేవాళ్లకు, పెద్దవాళ్లకు ఇదే సుఖం. పాత బండిని తెలుసుకోవాలనుకునేవాళ్లకు బిజ్బీ. ఒక్కటి గమనించాలి: అరిజోనా ఎండ రబ్బరును, పుట్టీని ఎండగడుతుంది కానీ చెక్కను కుళ్లనివ్వదు. ఆరెగాన్ వాన అందుకు సరిగ్గా తలకిందులు. డేటన్‌కు నవంబరులో వెళ్లి వర్షం రాత్రి ఒక పాత ట్రైలర్ పొడిగా ఉందంటే, దాన్ని చూసుకునేవాళ్ల పనితనం మీద నమ్మకం పెట్టుకోవచ్చు.

ఎక్కడ పడుకున్నా పాత గ్యాస్ పొయ్యి సంగతి తెలియాలి. మంట ఆరిపోతే గ్యాస్ తనంతట తాను ఆగే ఏర్పాటు అప్పటి పొయ్యిల్లో ఉండదు. ప్రొపేన్ గాలికంటే బరువు, నేల మీద పేరుకుంటుంది, నిలబడి ఉన్న మనిషి ముక్కుకు ఆలస్యంగా అందుతుంది. గ్యాస్ అలారం మోకాలి కన్నా కింద ఉందో లేదో చూడండి.

ఇంత తిరిగాక ఒకటి కొనుక్కుందామనిపించడం సహజం. అలాంటప్పుడు చూడ్డానికి వెళ్లేవాళ్లు మంచు గుచ్చే సూదిలాంటి మొన ఒకటి, టార్చి, పాత దుప్పటి తీసుకెళ్లాలి. దుప్పటి పరుచుకుని కిందికి దూరి నేల ప్లైవుడ్‌ను, మూలలను గుచ్చి చూడాలి. మొన సులువుగా దిగితే కుళ్లు. ఎయిర్‌స్ట్రీమ్ అయితే వెనక బంపర్ మీద ఎక్కి మెల్లగా ఊగండి. బంపర్ దిగి బాడీ దిగకపోతే, నేల కుళ్లి, చాసిస్ అనే కింది ఇనుప చట్రం నుంచి గోడ విడిపోయిందని అర్థం. అమ్మేవాడు దాన్ని చిన్న పని అంటాడు. కాదు. టైరు పక్కన నాలుగంకెల కోడ్ ఉంటుంది, మొదటి రెండు వారం, చివరి రెండు ఏడాది. ఏడేళ్లు దాటిన టైరుతో హైవే ఎక్కొద్దు, గాడి ఎంత లోతుగా ఉన్నా సరే. హిచ్ (కారుకు ట్రైలర్‌ను తగిలించే కొక్కెం) మీద పడే బరువు మొత్తం బరువులో పది నుంచి పదిహేను శాతం ఉండాలి, తక్కువైతే వేగంలో వెనక బండి పాములా ఊగుతుంది.

కొన్నాక మొదటి పని రంగు కాదు, జె రైల్. స్క్రూలు తీసి పట్టీ విప్పి, పాత పుట్టీని ప్లాస్టిక్ చెక్కుడుతో గీకి, స్పిరిట్‌తో తుడవాలి (బయటే, లోపలి లక్క మీద పడకుండా). పదిహేను అడుగుల ట్రైలర్‌కు ముప్పై అడుగుల బ్యూటిల్ టేపు (జిగురు రబ్బరు పట్టీ) చుట్టలు పట్టీలకే రెండు పడతాయి, కిటికీలకు, కప్పు మీది గాలిగూటికి విడిగా. స్క్రూలు స్టెయిన్‌లెస్ వాడాలి, పాత రంధ్రంలో చెక్క పట్టు లేకపోతే ఒక సైజు పొడవువి. చేత్తోనే బిగించండి, డ్రిల్ పెడితే టేపు మొత్తం బయటికి వచ్చేస్తుంది. రెండు రోజులు ఎండ తగలనిచ్చి మళ్లీ ఒక చుట్టు బిగించి, బయటికి వచ్చిన టేపును కోసేయాలి. సిలికాన్ మాత్రం ఎక్కడా పెట్టొద్దు. ఒకసారి పెట్టినచోట ఇంకే సీలెంటూ అతకదు, సిలికాన్ కూడా అతకదు. తర్వాత వచ్చినవాళ్లు దాన్ని బ్లేడుతో గీకుతూ మిమ్మల్ని తలుచుకుంటారు.