జేమ్సన్ విస్కీ ఊళ్లలో: డబ్లిన్, మిడిల్టన్ యాత్ర

జేమ్సన్ విస్కీని తయారుచేసే ఐరిష్ డిస్టిల్లర్స్ కంపెనీ చరిత్రను దాని పాత భవనాల్లోనే చూడాలనుకునేవారు డబ్లిన్‌తో సరిపెట్టుకోకుండా కార్క్ నగరం దగ్గరి మిడిల్టన్ దాకా వెళ్లి తీరాలని, రెండు చోట్లూ చూశాక నాకు గట్టిగా అనిపించింది.

డబ్లిన్‌లో ట్రామ్ రెడ్ లైన్ మీద స్మిత్‌ఫీల్డ్‌లో దిగితే బో స్ట్రీట్ జేమ్సన్ కేంద్రానికి నడిచి వెళ్లవచ్చు. గైడ్లు ఓపికగా వివరిస్తారు, ఐరిష్ విస్కీని స్కాచ్, అమెరికన్ విస్కీల పక్కన పెట్టి రుచి చూపిస్తారు. సేవలో లోపం లేదు. అయితే అక్కడ విస్కీ కాచే పాత కర్మాగారం, అంటే డిస్టిలరీ, 1971లోనే మూతపడింది; ఇప్పుడున్నది సందర్శకుల కోసం తీర్చిదిద్దిన చోటు.

దాని తర్వాత థామస్ స్ట్రీట్‌లోని జాతీయ కళా కళాశాల ఆవరణకు వెళ్లాను. అది 1976 వరకు పవర్స్ అనే మరో విస్కీ సంస్థ డిస్టిలరీ. విస్కీ కాచిన మూడు పెద్ద రాగి బట్టీలు నేటికీ ఆరుబయటే నిలబడి ఉన్నాయి, వాటి పక్కనుంచే విద్యార్థులు తరగతులకు నడిచిపోతుంటారు. అమెరికాలో మద్యనిషేధం, బ్రిటన్‌తో వాణిజ్య యుద్ధం, చవకైన స్కాచ్ బ్లెండ్‌ల (మిశ్రమ విస్కీల) పోటీ కలిసి ఐరిష్ విస్కీని కుంగదీయగా, తరతరాల పోటీదారులైన జేమ్సన్, పవర్స్, కార్క్ డిస్టిలరీస్ 1966లో ఐరిష్ డిస్టిల్లర్స్ అనే ఒకే కంపెనీగా కలవక తప్పలేదన్న సంగతి ఆ బట్టీల ముందు నిలబడినప్పుడే నాకు పూర్తిగా బోధపడింది.

ఆ విలీనం ఎక్కడికి దారితీసిందో మిడిల్టన్‌లో కనిపిస్తుంది. ఉన్ని మిల్లుగా కట్టి, ఆపై సైనిక శిబిరంగా వాడిన రాతి భవనాల్లో మర్ఫీ సోదరులు 1825లో డిస్టిలరీ పెట్టారు. నీటిచక్రమూ, 31,618 గ్యాలన్ల రాగి బట్టీ ఇక్కడే ఉన్నాయి. ఆ బట్టీ చుట్టూ ఒకసారి తిరిగి వస్తే గానీ దాని పరిమాణం కంటికి ఆనదు. 1975లో పక్కనే కొత్త డిస్టిలరీ మొదలై, డబ్లిన్ తయారీ అంతా క్రమంగా ఇక్కడికే చేరింది. 1988లో గిన్నెస్ సహా మూడు పెద్ద సంస్థలు కలిసి కంపెనీని దక్కించుకోబోగా, చివరికి అది ఫ్రెంచ్ సంస్థ పెర్నో రికార్ వశమైంది. యాజమాన్యం విదేశానిదైనా తయారీ ఈ ఊరిలోనే నిలిచినందుకు నాకు నిజంగా సంతోషం కలిగింది.

బసకు డబ్లిన్ కంటే కార్క్ నగరమే నాకు నచ్చింది. స్మిత్‌ఫీల్డ్ వైపు నేను దిగిన గదిలో వీధి చప్పుడుకు అర్ధరాత్రి దాటేదాకా నిద్ర పట్టలేదు. డబ్లిన్ హ్యూస్టన్ స్టేషన్ నుంచి కార్క్‌కు రైలులో సుమారు రెండున్నర గంటలు, అక్కడినుంచి మిడిల్టన్‌కు లోకల్ రైలులో అరగంట లోపే. శాకాహారులు మాత్రం భోజనం కార్క్‌లోనే ముగించుకుని బయలుదేరడం మంచిది.