మణికట్టు దగ్గర పోయిన 4 సెంటీమీటర్లు: తోలు జాకెట్లతో కోనసీమ

రాజమండ్రిలో బయల్దేరి ఆత్రేయపురం, అంబాజీపేట, అమలాపురం మీదుగా అంతర్వేది వెళ్లాం. పంటు (బళ్లనీ మనుషుల్నీ గోదావరి దాటించే పడవ) మీద నరసాపురం దాటి, పాలకొల్లు నుంచి సిద్ధాంతం వంతెన మీదుగా వెనక్కొచ్చాం. మూడు బళ్లు, ముగ్గురు మనుషులు, రెండు రాత్రులు. మొత్తం ఖర్చు 9,870 రూపాయలు. అందులో పూర్తిగా నీళ్లపాలైంది 900. ప్రయాణానికి వారం ముందు బావ తన తోలు జాకెట్ చేతులు పొట్టి చేయించుకోడానికి ఒక పేరున్న షాపుకి ఇచ్చిన డబ్బు అది. మూడు రోజులూ మా కబుర్లు, చిరాకులు, ఆగిన చోట్లు ఆ చేతుల చుట్టూనే తిరిగాయి. అందుకే ఊళ్ల కంటే వాటి గురించే ఎక్కువ రాస్తున్నాను.

ముందు ఎవరు ఏం తొడుక్కున్నారో చెప్పాలి. బావది అడ్డ జిప్పు జాకెట్. 1928లో అమెరికాలో షాట్ కంపెనీ తెచ్చిన పెర్ఫెక్టో నమూనాలో కుట్టింది: ఛాతీ మీద ఏటవాలు జిప్పు, భుజాల మీద పట్టీలు, మణికట్టు దగ్గర ఇంకో జిప్పు. ఆవు తోలు, 1.2 మిల్లీమీటర్ల మందం, గట్టి సరుకు. తమ్ముడిది గొర్రె తోలు, 0.7 మిల్లీమీటర్లు. భుజాల మీద, మోచేతుల మీద గళ్లు గళ్లుగా కుట్లు వేసి లోపల స్పాంజి పెట్టారు. ఫొటోల్లో వాడే అందగాడు. నాది టూరింగ్ జాకెట్, అంటే దూర ప్రయాణాలకి కుట్టింది. చేతులు మోచేతి దగ్గర ముందే వంచి కుట్టినవి, మోచేతికి పైన సాగే ముడతలు. బండి దిగి నిలబడితే ఎవరినో ఎత్తుకోబోతున్నట్టు చేతులు ముందుకు వంగి ఉంటాయి. దాన్ని చూసి బావ మొదటి రోజు మధ్యాహ్నం దాకా నవ్వాడు.

ఆ 900 ఎలా దండగైందంటే: షాపులో బావని అద్దం ముందు నిలబెట్టి, చేతులు కిందికి వేలాడదీయించి, బొటనవేలి మొదట్లోకి దిగిన తోలు అందంగా లేదని 4 సెంటీమీటర్లు తగ్గించారు. బండి మీద కూర్చుని హ్యాండిల్ పట్టుకుంటే ఏ జాకెట్ చెయ్యి అయినా 2 నుంచి 4 సెంటీమీటర్లు వెనక్కి జరుగుతుంది. నిలబడినప్పుడు పొడుగ్గా కనిపించేది అందుకోసం ఉంచిన తోలే. దాన్ని తీసేస్తే మణికట్టు ఎముక బయటపడుతుంది. బావ గ్లవ్స్ పొట్టివి కూడా కావడంతో బండెక్కేసరికి నాలుగు వేళ్ల వెడల్పు చర్మం గాలికి తేలింది.

తగ్గించిన తీరు ఇంకా ఘోరం. మణికట్టు వైపు నుంచి కోసేశారు. 15 సెంటీమీటర్ల జిప్పు 11 అయింది, దాని వెనక చర్మం నొక్కుకోకుండా ఉండే తోలు నాలుక సగం పోయింది. మామూలు నూలు దారంతో కుట్టు కుట్టుకీ మధ్య రెండు మిల్లీమీటర్ల కంటే తక్కువ దూరం పెట్టి మడత కుట్టారు. బట్టలో సూది పోగుల్ని పక్కకి జరిపి పోతుంది, తోలులో మాత్రం చిల్లు పొడిచి పోతుంది, ఆ చిల్లు ఇక పూడదు. చిల్లులు దగ్గర దగ్గరగా పడితే తపాలా బిళ్లల మధ్య గీతలా ఆ వరస వెంబడి చిరుగుతుంది. తోలుకి కుట్టు 3 నుంచి 4 మిల్లీమీటర్లు ఉండాలి. దారం నైలాన్ గానీ పాలియెస్టర్ గానీ కావాలి. నూలు దారం చెమటకి నానీ నానీ కుళ్లిపోతుంది.

చేతులు నిజంగా పొడుగైతే తగ్గించాల్సింది భుజం దగ్గర. చంక చుట్టూ కుట్టు విప్పి, చెయ్యి తల భాగం కోసి, మళ్లీ ఎక్కించాలి. అలా చేస్తే మణికట్టు జిప్పు, గుండీలు ఎక్కడివక్కడే ఉంటాయి. కానీ పైన ఎంత తీస్తే మోచేతి ప్యాడ్ అంత పైకి జరుగుతుంది. అందుకని 2 సెంటీమీటర్లు దాటి తీయించకూడదు. అంతకంటే ఎక్కువ తేడా ఉంటే ఆ జాకెట్ మీ సైజు కాదు, కొనకండి.

మొదటి రోజు ఉదయం ఆరింటికి ధవళేశ్వరం. డిసెంబరు మంచు. కాటన్ బ్యారేజి మీద ముందున్న బండి వెనక దీపం తప్ప ఏమీ కనిపించలేదు. ఈ మంచు వానలా పడదు గానీ తోలు మీద చుక్కలు చుక్కలుగా పేరుకుని కిందికి జారుతుంది. మన బళ్ల మీద చేతులు భుజాల కంటే కిందే ఉంటాయి కాబట్టి నీళ్లు మణికట్టు వైపే దిగుతాయి. జాకెట్ చెయ్యి గ్లవ్ లోపల ఉంటే ఆ నీళ్లన్నీ గరాటులో పోసినట్టు గ్లవ్‌లోకి చేరతాయి. వానలో, మంచులో గ్లవ్ లోపల, జాకెట్ చెయ్యి దాని పైన ఉండాలి. అలా ఉండాలంటే మణికట్టు జిప్పు గ్లవ్ మీదుగా మూసుకునేంత తెరుచుకోవాలి. బావ జిప్పుకి ఆ వెసులుబాటు పోయింది. బొబ్బర్లంక చేరేసరికి రెండు గ్లవ్సూ పిండితే నీళ్లు. ఆత్రేయపురంలో పూతరేకులు తినడానికి ఆగితే వేళ్లు కొంకర్లు పోయి, రేకు పట్టుకోగానే పొడి అయిపోయింది. పది రేకులు బెల్లంవి, 200 రూపాయలు. బావ రెండు తిని పెట్టె మూసేశాడు.

అంబాజీపేటలో పొట్టిక్కలు తినకుండా రాకండి. పనసాకు బుట్టల్లో ఉడికించిన ఇడ్లీ అది. ఆకు వాసన పిండికి పట్టి, చట్నీ లేకపోయినా దిగిపోతుంది. మనిషికి రెండేసి, ముగ్గురికీ కలిపి 150. బావ మొహంలో ఆ రోజు మొదటిసారి వెలుగు అక్కడే చూశాం.

ఆ వెలుగు అరగంట. కాలవ గట్టు రోడ్డు మీద సగం దాకా ధాన్యం ఆరబోసి ఉంది. ఖరీఫ్ కోతల కాలంలో డెల్టా అంతా ఇంతే. గింజలు చక్రం కింద గోళీల్లా దొర్లుతాయి. ఎదురుగా గడ్డి ట్రాక్టర్ వస్తే తమ్ముడు పక్కకి తప్పుకుంటూ గింజల మీద బ్రేకు నొక్కాడు. వేగం పాతిక దాటలేదు. ఎడమ వైపు పడి, మోచేతి మీద రెండు గజాలు జారాడు. ఆ రెండు గజాలకే గొర్రె తోలు చెయ్యి 7 సెంటీమీటర్లు విడిపోయింది. తోలు అరిగి కాదు, గళ్ల కుట్టు వెంబడి చీలింది. నేల తగిలే చోట ఎన్ని కుట్లుంటే అన్ని బలహీనతలు. అందుకే రైడింగ్ జాకెట్లలో మోచేతి బయటి వైపు ఒకే పలక తోలు వేసి, కుట్లు లోపలి వైపుకి తిప్పుతారు. తమ్ముడి జాకెట్‌లో ఆ గళ్లు రక్షణలా కనిపిస్తాయి గానీ లోపలున్నది దిండు స్పాంజి. అసలైన ప్యాడ్ మీద ఈఎన్ 1621-1 అని యూరప్ ప్రమాణం ముద్ర ఉంటుంది. మొదటి స్థాయి ప్యాడ్ దెబ్బలో సగటున 35 కిలోన్యూటన్ల బలానికి మించి లోపలికి పోనివ్వకూడదు, రెండో స్థాయి 20కి మించి పోనివ్వకూడదు. ముద్ర లేనిది అలంకారమే.

జాకెట్ చెయ్యి వదులుగా ఉండటం ఇంకో తప్పు. పడగానే అది గిర్రున తిరిగి స్పాంజి ముంజేతి లోపలికి పోయింది, మోచెయ్యి ఎముక ఒట్టి లైనింగ్ మీద గీరుకుంది. కొనేటప్పుడే చూసుకోవచ్చు: మోచేతిని లంబంగా వంచి, రెండో చేత్తో జాకెట్ చేతిని మెలితిప్పండి. ప్యాడ్ రెండు వేళ్ల కంటే ఎక్కువ జరిగితే వద్దు. తమ్ముడికి గీతలు తప్ప ఏం కాలేదు. ఫొటోలు మాత్రం ఆ తర్వాత అడగలేదు.

మొదటి రాత్రి అమలాపురంలో ఒక లాడ్జి. గది 1,800. వేన్నీళ్ల బకెట్‌కి 30 విడిగా. గదిలో ఒక్క కొక్కెం లేదు, కిటికీ తెరుచుకోదు. తడి జాకెట్లు ఎక్కడ ఆరేయాలంటే కౌంటర్ దగ్గరున్నాయన 'మేం చూసుకుంటామండి' అని తీసుకెళ్లాడు. మర్నాడు పదకొండుకి ఇచ్చారు. పొద్దున్నంతా డాబా మీద రేకుల షెడ్డు పైన ఎండలో పరిచారట. దానికి 'సర్వీసు' పేరుతో 150. బావ జాకెట్ చేతులు అట్టల్లా బిగుసుకున్నాయి. తడి తోలుని వేడి మీద త్వరగా ఆరబెడితే నీటితోపాటు లోపలి నూనె కూడా పైకి వచ్చేసి పోగులు ఒకదానికొకటి అంటుకుపోతాయి. వెడల్పు హ్యాంగర్‌కి తగిలించి, నలిపిన న్యూస్‌పేపరు జాకెట్ చేతుల్లో కూరి, నీడలో ఫ్యాను కింద ఆరనివ్వాలి. పేపరు రెండు మూడు గంటలకోసారి మార్చాలి. ఆరిన తర్వాతే తోలు క్రీము. కోనసీమలో చేతికందేది కొబ్బరి నూనె కదా అని అది రాయకండి. తోలు నల్లబడి మెత్తబడి కుట్ల దగ్గర సాగుతుంది, ఈ తేమకి బూజు పడుతుంది. లాడ్జిలో గది తీసుకునే ముందు తువ్వాళ్లూ టీవీ కాదు, కొక్కేలూ తెరుచుకునే కిటికీ చూడండి. నేను 150 ఇవ్వనన్నాను. బావ గొడవెందుకని ఇచ్చేశాడు. రాజోలు దాకా మాకు మాటల్లేవు.

రెండో రోజు బోడసకుర్రు వంతెన, రాజోలు, అంతర్వేది. రోడ్డు బాగుంది, చేపల పులుసు భోజనం 220, దర్శనం ప్రశాంతంగా అయింది. తోలు వస్తువులతో గుడిలోకి వెళ్లకూడదు కాబట్టి చెప్పుల దగ్గర కూర్చున్నావిడకి జాకెట్‌కి 10 చొప్పున ఇచ్చి వెళ్లాం. డబ్బులు, తాళాలు ముందే జేబుల్లోంచి తీసుకోండి. చేతి మీద జిప్పు జేబు ఉన్న జాకెట్లలో అది మర్చిపోతారు. పంటు చీటీకి చిల్లర పెట్టుకోడానికి ఆ జేబు భలే పనికొస్తుంది గానీ తాళం మాత్రం పెట్టకూడదు, పడితే నేరుగా ఎముకకి గుచ్చుకుంటుంది. సముద్రం దగ్గర ఇంకోటి: వశిష్ట గోదావరి కలిసే చోటికి వెళ్తే ఉప్పు గాలి జిప్పుల్ని పట్టేస్తుంది. ఆ రాత్రే తడిగుడ్డతో జిప్పు పళ్లు తుడిచి కాస్త మైనం రాయాలి. అంతర్వేదిలో గది 1,200. మూడు కొక్కేలు, తెరుచుకునే కిటికీ. అంతకంటే ఏం కావాలి?

మూడో రోజు సఖినేటిపల్లి పంటు. బండీ మనిషీ కలిపి 40. ఎండెక్కాక నా జాకెట్ లోపం తెలిసింది. మణికట్టు జిప్పు నాలుగు వేళ్లు తెరిస్తే గాలి చేతిలోంచి వీపు దాకా పోతుంది, కానీ నలభై దాటితేనే. కాలవ గట్ల మీద, ఊళ్ల మధ్య ముప్పైలో పోతుంటే ఏమీ రాదు. ముడతల్లో ధాన్యం దుమ్ము చేరి మోచేతి లోపల దురద. ఈ వాతావరణానికి వంపు చేతులుండి, ముంజేతి లోపలి వైపు మాత్రమే సన్న చిల్లులున్న జాకెట్ మేలు. మోచేతి మీద, భుజం మీద చిల్లులున్నది వద్దు.

పాలకొల్లులో చెట్టు కింద చెప్పులు కుట్టే పెద్దాయన కనిపించకపోతే బావ ఇల్లు చేరేదాకా అలిగే ఉండేవాడు. జాకెట్ చేతిలోకి తీసుకుని, మడత చూసి, 'ఇది కోసినాయన మిమ్మల్ని బండెక్కించి కొలవలేదండి' అన్నాడు. బావని బండి మీద కూర్చోబెట్టి, హ్యాండిల్ పట్టించి, అప్పుడు కొలిచాడు. మడత విప్పి, నూలు దారం మొత్తం లాగేశాడు. పాత బ్యాగు తోలులోంచి 6 సెంటీమీటర్ల వెడల్పు పట్టీలు రెండు కోశాడు: 4 కనబడటానికి, అటూ ఇటూ కుట్టుకి ఒక్కొక్కటి. రెండు తోళ్లు కలిసే చోట దిమ్మలా లావు కాకుండా అంచులు చెక్కి పల్చన చేశాడు. దగ్గర దగ్గరగా ఉన్న పాత చిల్లుల వరసని వదిలి అర సెంటీమీటరు లోపలికి జరిగి, ఆరెతో పొడుస్తూ మైనం పట్టించిన నైలాన్ దారంతో రెండు వరసలు కుట్టాడు. జిప్పు జోలికి పోలేదు. పట్టీలో చీలిక పెట్టి, ఒక అంచు మీద ఇంకో అంచు వచ్చేలా చేసి, టిచ్ బటన్ వేశాడు. ఇప్పుడు గ్లవ్ లోపలికి పోతుంది. గంటన్నర పని, రెండు చేతులకీ 240. తమ్ముడి మోచేతికి లోపలినుంచి అతుకు వేయడానికి 80. అతుకు వేస్తూ 'ఇది పెళ్లిళ్లకి వేసుకో బాబూ, బండికి వద్దు' అని వాడికి చెప్పాడు. 400 ఇస్తే 80 తిరిగిచ్చేశాడు.

పట్టీ రంగు కలవలేదు. జాకెట్ నలుపు, పట్టీ ముదురు కాఫీ రంగు. రంగు వేయించుకోవచ్చు కదా అని తమ్ముడన్నాడు. సిద్ధాంతం వంతెన మీద గాలి గట్టిగా కొడుతుంటే బావ ఎడమ చెయ్యి చాచి, మణికట్టు ఒకసారి చూసుకుని, అలాగే ఉండనీ అన్నాడు.