పాత సీ10 ట్రక్కును కిందికి దించాలంటే: స్ప్రింగులా, ఎయిర్ బ్యాగులా?

1967 నుంచి 72 దాకా వచ్చిన షెవర్లే సీ10 పికప్ ట్రక్కు నేలకు ఆనుకున్నట్టు నిలబడితే ఆ అందమే వేరు. పొట్టి కాయిల్ స్ప్రింగులు, డ్రాప్ స్పిండిళ్ళు (ముందు చక్రం బిగించే చోటును పైకి జరిపి బండిని కిందికి దించే భాగాలు) వేస్తే ఖర్చు తక్కువ, గాలి లీకుల టెన్షన్ ఉండదు. కానీ ఎత్తు ఇక అంతే, స్పీడ్ బ్రేకర్ వచ్చిన ప్రతిసారీ బండిని ఏటవాలుగా తిప్పి మెల్లగా ఎక్కించాల్సిందే.

ఎయిర్ సస్పెన్షన్‌లో స్ప్రింగు ఉండే చోట రబ్బరు బ్యాగు ఉంటుంది. కంప్రెసర్ ట్యాంకు నింపుతుంది, వాల్వు తెరుచుకుంటే గాలి బ్యాగులోకి వెళ్ళి బండి లేస్తుంది, గాలి వదిలేస్తే బుస్సుమంటూ కూర్చుంటుంది, అది ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు. పని మాత్రం చాలా ఎక్కువ. బాగా దించితే వెనక ఇరుసు ఫ్రేముకు కొట్టుకుంటుంది కాబట్టి, అక్కడ ఫ్రేమును అర్ధచంద్రంలా కోసి మందపాటి ఉక్కు ముక్కతో వెల్డింగ్ చేయాలి, దాన్నే సీ-నాచ్ అంటారు. వెల్డింగ్ మీద నమ్మకం లేకపోతే దీని జోలికి వెళ్ళకండి.

రోజూ తిప్పే బండికి స్ప్రింగులే నయం. నా ఓటు మాత్రం గాలికే. ట్యాంకులో చేరే నీళ్ళు అప్పుడప్పుడు వదిలేయండి, గొట్టాల జాయింట్లకు సబ్బునీళ్ళు రాసి చూడండి, బుడగ వచ్చిన చోటే లీకు.