పుస్తకాలు సర్దిపెడతామని ఇంటికి వచ్చేవాళ్ళతో జాగ్రత్త – బరంపురంలో మాకు జరిగింది

ఒడిశాలో బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ఉన్న మన తెలుగువాళ్ళ కోసం రాస్తున్నాను. పెద్దవాళ్ళు వదిలి వెళ్ళిన పుస్తకాలు ఇంట్లో ఉండి, వాటిని సర్దడానికి ఎవరినైనా పిలుద్దామని అనుకుంటుంటే ముందు ఇది చదవండి. "హోమ్ లైబ్రరీ సర్దుతాం, పనికిరానివి మేమే తీసుకెళ్తాం" అనే సర్వీసుని మొన్న రథయాత్ర అయిన వారంలో పిలిచాను. డబ్బు సంగతి తర్వాత చెప్తాను. మా అత్తగారు రాసిపెట్టుకున్నవి పోయాయి, అవి ఇక రావు.

మా మామగారు తెలుగు మాస్టారు. జీవితమంతా కొన్న పుస్తకాలు మేడ మీద గదిలో ఉండేవి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా మన గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉంది కదా, ఆయన తండ్రిగారు మద్రాసు నుంచి తెప్పించుకున్నవి కూడా అందులో ఉన్నాయి. పాత 'భారతి' సాహిత్య పత్రిక బైండ్లు, చందమామలు, నిఘంటువులు, పురాణాలు, కట్టలు కట్టిన పంచాంగాలు. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన రాత్రి కింది అరలు తడిసిపోతే, మామగారూ నేనూ వారం రోజులు పేజీల మధ్య తెల్లకాగితాలు పెట్టి ఫ్యాన్ గాలికి ఆరబెట్టాం. ఆయన పోయి రెండేళ్ళయింది. ఈ ఏడాది పైకప్పు కారుతోందని గది ఖాళీ చేయాల్సి వచ్చింది.

మా పిల్లలు చదివింది ఒడియా, ఇంగ్లీషు. తెలుగు చక్కగా మాట్లాడతారు, చదవమంటే కూడబలుక్కుంటారు. "ఇవన్నీ ఎవరు చదువుతారమ్మా" అనే మాట మా ఇంట్లో చాలాసార్లు వచ్చింది. మీ ఇళ్ళలోనూ వచ్చే ఉంటుంది. సరిగ్గా ఆ మాటనే పట్టుకుని మా దగ్గరికి వచ్చారు.

వాట్సాప్ గ్రూపులో ప్రకటన చూసి ఫోన్ చేశాను. ముగ్గురు వచ్చారు. వాళ్ళలో పెద్దాయన తెలుగు బాగా మాట్లాడాడు. "అమ్మగారూ, ఈ ఊళ్ళో తెలుగు పుస్తకం ఎవరు కొంటారు? లైబ్రరీవాళ్ళు కూడా వద్దంటున్నారు. వేస్ట్ అంతా కిలో పది రూపాయలకి మేమే తీసుకుని మీ బిల్లులో తగ్గిస్తాం" అన్నాడు. సర్దడానికి ఆరు వేలు. ఇంగ్లీషులో అచ్చువేసిన ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు. "వేస్ట్‌గా విడదీసిన వస్తువులు కంపెనీకి చెందుతాయి" అని దాని వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉంది. ఏది వేస్టో ఎవరు తేలుస్తారో ఎక్కడా లేదు. నేను చదవకుండానే సంతకం పెట్టాను.

నాకు అనుమానం రావాల్సిన చోటు ఒకటి ఉంది. అతను బైండు పుస్తకాల దగ్గరికే నేరుగా వెళ్ళాడు. ప్రతిదానికీ మొదటి పేజీ తీసి, అచ్చయిన సంవత్సరం చూసి పక్కన పెట్టాడు. పనికిరాదని పారేసే పుస్తకానికి సంవత్సరం ఎందుకు చూస్తారు? ఆ మాట అప్పుడే అడిగి ఉంటే సగం నష్టం తప్పేది. నేను టీ పెట్టడానికి కిందికి వెళ్ళాను.

ఏడు గోనె సంచులు నింపారు. ఒక్కొక్కటీ ఇద్దరు పట్టుకుంటే గాని లేవలేదు. చేతిలో వేలాడే స్ప్రింగ్ కాటాతో తూచి, అన్నీ కలిపి 92 కిలోలు అన్నారు. అంటే సంచికి పదమూడు కిలోలు. పదమూడు కిలోల సంచిని నేనొక్కదాన్నే మెట్లు దించగలను. ఆ లెక్క రాత్రి పడుకున్నాక గాని తోచలేదు. 920 రూపాయలు తగ్గించి, 5,080 తీసుకుని వెళ్ళిపోయారు.

మిగిలినవాటిని రంగుల వారీగా, ఎత్తుల వారీగా పేర్చారు. చూడటానికి అందంగా ఉంది. కానీ భారతం సంపుటాలు మూడు చోట్లకి చెదిరిపోయాయి, నిఘంటువు ఒక భాగం పైన, ఇంకోటి కింద. చినిగిన పేజీలకి సెల్లోటేపు అతికించారు. అది కొన్నేళ్ళకి పసుపురంగుకి తిరిగి, జిగురు కాగితంలోకి ఇంకిపోతుంది. పీకితే అక్షరాలతో సహా వస్తుంది. అన్నిటికంటే ఘోరం, "దుమ్ము పడదు" అని ఒక్కో వరసనీ ప్లాస్టిక్ పొరతో బిగించి చుట్టేశారు. వానాకాలంలో మన సముద్రపు గాలికి కాగితం చెమ్మ పట్టి ఉంటుంది. ఆ చెమ్మ బయటికి పోయే దారి లేక, వినాయక చవితికి విప్పి చూసేసరికి లోపలంతా బూజు.

వినాయక చవితి నాడే పంచాంగాల సంగతి బయటపడింది. మా అత్తగారు డైరీ రాయలేదు. ఏ సంవత్సరం ఏం జరిగినా ఆ ఏటి పంచాంగం అంచుల్లో పచ్చ సిరాతో రాసుకునేవారు. బిడ్డ పుట్టిన ఘడియ, ఆవు ఈనిన రోజు, బంగారం కొన్న ధర. మా ఆయన పుట్టిన 1963, శోభకృత్ సంవత్సరం పంచాంగంలో ఆయన జన్మ నక్షత్రం ఉంది. అంతకు రెండేళ్ళ ముందు ప్లవ సంవత్సరంలో మా అత్తమామలకో ఆడపిల్ల పుట్టి ఆరు నెలలకే పోయింది. ఆ పిల్లకి ఫొటో లేదు. ఆమె పేరు రాసి ఉన్న కాగితం ఆ పంచాంగం ఒక్కటే. సంచిలో వేస్తూ "గడిచిపోయిన ఏడు పంచాంగం దేనికమ్మా" అని ఆ మనిషి అడిగితే నేనే తల ఊపాను. మా ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అనకపోవడమే నాకు ఇప్పటికీ కష్టంగా ఉంది.

ఆ తర్వాత వారానికి మా అబ్బాయి ఫోన్‌లో పాత పుస్తకాలు అమ్మే పేజీ ఒకటి చూపించాడు. 'భారతి' బైండు, ధర 2,800. మొదటి పేజీ ఫొటోలో మామగారి రబ్బరు స్టాంపు. ఫోన్ చేస్తే, పెట్టినతను దాన్ని వేరేవాళ్ళ దగ్గర కొన్నాడట. విషయం విని, తను కొన్న ధరకే రెండు బైండ్లు తిరిగి ఇచ్చాడు. మంచివాడు. సర్వీసువాళ్ళు మాత్రం "మీరు సంతకం పెట్టారు కదా మేడమ్" అని ఫోన్ పెట్టేశారు. పంచాంగాలు కబాడీ (పాత సామాన్ల) కొట్టుకి వెళ్ళి, అక్కడి నుంచి లారీ ఎక్కేశాయట.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కూడా వేస్తున్నాం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, జరిగిన రెండేళ్ళలోపు వేయాలి, మనం చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. ప్రకటన స్క్రీన్‌షాటు, డబ్బు పంపిన రుజువు, ఆ కాగితం ఫొటో దాచుకోబట్టి ఇంతవరకైనా రాగలిగాం.

పుస్తకాలు తగ్గించుకోవద్దని నేను అనను. మేమూ తగ్గించాలి. పాత పరీక్షల గైడ్లు, రెండేసి కాపీలు, చెదలు పూర్తిగా తినేసినవి తీసేయాల్సిందే. కాకపోతే ఏది ఉంచాలో, ఏది పంపాలో ఇంటివాళ్ళే తేల్చాలి, అదీ మనిషిని పిలవకముందే. ప్రతి పుస్తకాన్నీ తలకిందులుగా పట్టుకుని ఒకసారి దులపండి. మా దాంట్లో పాత ఉత్తరాలు, ఒక పొలం రశీదు రాలాయి. పంచాంగాలు, నోటు పుస్తకాలు, అంచుల్లో చేతిరాత ఉన్నవి పేజీ పేజీ తిప్పకుండా పంపకండి. మొదటి పేజీ ఫొటో తీసి పెట్టుకోండి, వెయ్యి పుస్తకాలైనా రెండు ఆదివారాల పని. 'భారతి' మొదలైంది 1924లో, చందమామ 1947 జులైలో. అలాంటివి కిలోల లెక్కన అడిగేవాళ్ళకి అస్సలు ఇవ్వొద్దు. మీకు తెలుగు చదవడం రాకపోతే, వచ్చిన బంధువుని ఒక పూట కూర్చోబెట్టుకోండి. తూచేటప్పుడు కాటా మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఉందో లేదో అడిగి చూడండి.

సర్దేటప్పుడు అల్మరాని గోడకి ఆనించకుండా బెత్తెడు ఎడం ఉంచండి. ప్లాస్టిక్ చుట్టొద్దు. వేపాకు పెడితే బాగా ఎండినదే పెట్టండి, పచ్చిది చెమ్మ తెస్తుంది. బూజు పట్టినవాటిని మిగతావాటి నుంచి వేరు చేసి, పూర్తిగా ఆరాక, ముక్కుకి మాస్కు కట్టుకుని ఆరుబయట మెత్తని బ్రష్షుతో దులపండి. తడిగుడ్డతో తుడవొద్దు. నేను ఇప్పుడు రోజుకి పది చొప్పున అదే చేస్తున్నాను.

చివరిగా ఒక విన్నపం. బరంపురం చుట్టుపక్కల ఎవరికైనా, ఏ కబాడీ కొట్టులోనైనా, అంచుల్లో పచ్చ సిరా రాతలున్న పాత తెలుగు పంచాంగాలు కనిపిస్తే దయచేసి నాకు చెప్పండి. ముఖ్యంగా ప్లవ సంవత్సరానిది. అట్ట లేకపోయినా, సగం పేజీలే ఉన్నా సరే, ఎంత అడిగితే అంత ఇచ్చి తీసుకుంటాం.