పాప్ గొంతులో పల్లె పాట: రొమేనియా చూపిన దారుల్లో ఏది మేలు?

పాప్ పాటలతో పేరు తెచ్చుకున్న గాయని జానపదం వైపు తిరిగితే రెండు రకాల మాటలు వినిపిస్తాయి. "పల్లె పాటను పాడుచేసింది" అని కొందరు, "ఆవిడ పాడబట్టే ఈ తరానికి ఆ పాట తెలిసింది" అని కొందరు. రొమేనియాలో ఈ వాదన ఎనభై తొంభై ఏళ్లుగా నడుస్తూనే ఉంది. అక్కడ ఈ పని చేసినవాళ్లకు కొదవ లేదు కానీ, అందరూ ఒకేలా చేయలేదు. నాకు ఇష్టమైన కొందరిని పక్కపక్కన పెట్టి, ఎవరు పట్టిన దారి మేలో తేల్చుకుందామని కూర్చున్నాను.

ముందు ఇప్పటి మనిషి, లొరెదానా గ్రోజా. 1970లో, దేశానికి తూర్పున మొల్దావియా ప్రాంతంలోని ఒనెష్తి ఊళ్లో పుట్టింది. మొదటి ఆల్బమ్ 1988లో వచ్చింది, కమ్యూనిస్టు నియంత చౌషెస్కు పాలన ఇంకా నడుస్తున్న రోజుల్లో. సంగీతం అద్రియాన్ ఎనెస్కుది. అది అచ్చంగా పాప్, పల్లె వాసన ఎక్కడా లేదు. అలాంటి గాయని 2001లో 'అగురీద' ఆల్బమ్‌తో ఒక్కసారిగా బాల్కన్ బాణీల వైపు, లవుతార్ల పాటల వైపు మళ్లింది. లవుతార్లు అంటే పెళ్లిళ్లలో, విందుల్లో వాయించడమే వృత్తిగా తరతరాలుగా బతికినవాళ్లు. వాళ్లలో ఎక్కువమంది రోమా జాతివాళ్లు, అంటే జిప్సీలు. ఆ తర్వాత లొరెదానా మళ్లీ పాప్‌కి వచ్చింది. 2011లో మొదలైన 'వొచ్యా రొమునియెయి' టీవీ పోటీలో కోచ్‌గా కూర్చుని ఇంటింటికీ తెలిసిన మనిషి అయింది.

ఈ దారిలో లాభం కళ్ల ముందే కనిపిస్తుంది. అభిమానులు ముందే ఉన్నారు. జానపదం పేరు చెబితే ఆ ఛాయలకే రాని కుర్రాళ్లు కూడా తమ గాయని పాడింది కదా అని వింటారు. కెరీర్ పరంగా కూడా రిస్క్ తక్కువ: నచ్చకపోతే వెనక్కి వెళ్లడానికి పాప్ ఎలాగూ ఉంది. నాకు వచ్చే పేచీ కూడా అక్కడే. వెనక్కి వెళ్లే దారి తెరిచి ఉన్నప్పుడు జానపదం ఒక సీజన్ అయిపోతుంది. ఆ సీజన్‌కి తగ్గ బట్టలు, ఆ సీజన్‌కి తగ్గ స్టేజి. 'అగురీద'లో ఆవిడ గొంతు నిజంగానే మారింది, పాప్‌లో దాచుకున్న బరువు, జీర బయటికి వచ్చాయి. అదే దారిలో ఇంకో నాలుగేళ్లు గట్టిగా నడిచి ఉంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

మరియా తనాసె సంగతి వేరు. 1913లో బుకారెస్ట్‌లోనే, ఇటుకలు కాల్చేవాళ్ల పేటలో పుట్టింది. తండ్రి దేశానికి నైరుతిన ఉన్న ఒల్తేనియా ప్రాంతం నుంచి వచ్చిన తోటమాలి. ఆవిడను పల్లె నుంచి వచ్చిన గాయని అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు గానీ ఆవిడ నగరం పిల్ల. 1934లో కరబుష్ అనే రెవ్యూ థియేటర్‌లో, డాన్సులూ హాస్యం కలిసిన ప్రదర్శనల్లో, వేరే పేరు పెట్టుకుని మొదలుపెట్టింది. అంటే ఆ కాలపు పాప్ రంగం నుంచే వచ్చింది.

మలుపు తిప్పింది హారీ బ్రౌనర్. పల్లెలు తిరిగి పాటలు సేకరించే పండితుడు ఆయన. ఆయన చెప్పిన పాటలు నేర్చుకుని 1937లో కొలంబియా కంపెనీకి రికార్డు చేసింది, 1938 ఫిబ్రవరిలో రేడియోలో పాడింది. 1939లో న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో రొమేనియా తరఫున పాడటానికి వెళ్లింది. అక్కడ తోడుగా ఉన్నవాళ్లలో వయొలిన్ వాయించే గ్రిగొరాష్ దినికు, వెదురు గొట్టాల వరసతో చేసే నాయ్ అనే వాద్యంలో ఆరితేరిన ఫనికా లూకా ఉన్నారు.

ఆ 1937 పాటల్లో ఒకటి 'చినె యుబెష్తె షి లాసా'. ప్రేమించి వదిలేసినవాడికి పెట్టే శాపనార్థాల పాట. పాములా పాకాలి, పురుగులా నడవాలి, గాలిలా హోరెత్తుతూ తిరగాలి, చివరికి మట్టిలో ధూళి కావాలి అని వరసగా శాపాలు. వేరే గాయని అయితే ఇక్కడ గొంతెత్తి ఏడ్చేస్తుంది. మరియా ఏడవదు, అరవదు. గొంతు దించి, కాస్త ఆగి, దాదాపు మాట్లాడినట్టే ఒక్కో శాపం పెడుతుంది. ఆ తొందరపడకపోవడమే ఒళ్లు జలదరించేలా చేస్తుంది. ఇది పల్లెలో నేర్చిన విద్య ఒక్కటే కాదు. థియేటర్‌లో జనం ఎదుట నిలబడి మాట ఎక్కడ ఆపాలో తెలుసుకున్న మనిషి పల్లె పాటకు తెచ్చి ఇచ్చిన కానుక. పాట పల్లెది, పాడే తెలివి నగరానిది. రెండూ ఎక్కడ అతికాయో వెతికినా దొరకదు.

ఈ దారిలో లోపం లేదని కాదు. ఒల్తేనియా పాట, మొల్దావియా పాట, ట్రాన్సిల్వేనియా పాట అన్నీ ఒకే గొంతులో, ఇంచుమించు ఒకే రకం వాద్యాలతో రావడంతో వాటి మధ్య తేడాలు కొంత చెరిగాయి. ఎవరో ఊరివాళ్లు పాడుకున్న పాట చివరికి "మరియా తనాసె పాట" అయిపోయింది. ఈ దారికి ఆవిడ కట్టిన ధర కూడా చిన్నది కాదు. 1940లో లెజియనరీలు, అంటే అప్పటి ఫాసిస్టులు, రేడియోలో ఉన్న ఆవిడ రికార్డులను ధ్వంసం చేశారు. యూదుడైన బ్రౌనర్‌తో కలిసి జానపదాన్ని చెడగొట్టిందని వాళ్ల ఆరోపణ. ఆ తర్వాత కమ్యూనిస్టుల కాలంలో బ్రౌనర్ ఏళ్ల తరబడి జైల్లో మగ్గాడు. పల్లె పాటను ఎవరు ఎలా పాడాలి అన్న వాదన అక్కడ ప్రాణం మీదికి వచ్చే విషయం. మరియా 1963లో క్యాన్సర్‌తో పోయింది, అప్పటికి యాభై కూడా నిండలేదు.

ఇక ఫీనిక్స్. 1962లో తిమిష్వారా నగరంలో పుట్టిన రాక్ బృందం, నాయకుడు నికు కొవాచ్. మొదట్లో పాశ్చాత్య పాటలే వాయించేవాళ్లు. 1971 జూలైలో, చైనా, ఉత్తర కొరియా చూసి వచ్చిన చౌషెస్కు సంస్కృతి మీద పట్టు బిగించాడు. పడమటి బాణీలు పాడటం కష్టమైంది. కుర్రాళ్లు జానపదంలోకి వెళ్లారు, అయితే ప్రభుత్వం స్టేజీల మీద చూపించే నవ్వుల, కుట్టుపువ్వుల జానపదంలోకి కాదు. పాత క్రతువులు, మంత్రాలు, పూర్వీకుల నమ్మకాల లోతుల్లోకి వెళ్లారు. 1972లో 'చెయి చె నె-అవు దత్ నుమె', 1974లో 'ముగుర్ దె ఫ్లుయెర్', 1975లో పాతకాలపు రచయిత దిమిత్రీ కాంతెమిర్ రాసిన వింత జంతువుల ప్రపంచం ఆధారంగా ఒక డబుల్ ఆల్బమ్ వచ్చాయి. 1977లో కొవాచ్ తన బృందంలోని వాళ్లను స్పీకర్ పెట్టెల్లో దాచి సరిహద్దు దాటించాడు. గాయకుడు మిర్చా బనీచు మాత్రం దేశంలోనే ఉండిపోయాడు.

ఫీనిక్స్‌ది పూర్తిగా వేరే పద్ధతి. ఉన్న పాటను మళ్లీ పాడటం కాదు, ఆ మట్టితో కొత్త పాట కట్టడం. పాటను పాడుచేశారన్న నింద ఇక్కడ అంత సులువుగా అంటదు, ఎందుకంటే పాట వాళ్లదే. కాకపోతే దీనికి కవులు కావాలి, చదువు కావాలి, ఏళ్ల తరబడి కలిసి ఉండే బృందం కావాలి. ఒంటరిగా మైకు ముందు నిలబడే పాప్ గాయనికి ఇది అందే దారి కాదు. 2010లో మొదలైన సుబ్‌కార్పాత్స్ అనే బృందం కూడా ఇంచుమించు ఈ కోవలోదే, గిటార్ల బదులు హిప్‌హాప్ బీట్ పెట్టుకుంది. వినడానికి హుషారుగా ఉంటుంది గానీ ఫీనిక్స్ అంత లోతు నాకు అందులో దొరకలేదు.

ఒక దారిని మాత్రం ఇలాంటి జాబితాల్లో ఎవరూ కలపరు, అది నాకు బాధగా ఉంటుంది. మనెలె. రోమా గాయకులు కీబోర్డులతో, తూర్పు బాణీలతో పెళ్లిళ్లలో, బార్లలో పాడే పాటలు. 2024 జూన్‌లో బుకారెస్ట్‌లో బ్రిటిష్ బృందం కోల్డ్‌ప్లే కచేరీ మధ్యలో బబాషా అనే మనెలె గాయకుడిని స్టేజి మీదికి పిలిస్తే జనంలో చాలామంది బూ కొట్టారు. మరియా పక్కన వాయించిన దినికు, లూకా కూడా రోమా వాళ్లే కదా. లొరెదానా 2001లో వెతుక్కుంటూ వెళ్లింది కూడా ఆ లవుతార్ల దగ్గరికే. మనెలెలో డబ్బు, శత్రువులు, దర్పం అంటూ అరిగిపోయిన మాటలు చాలా ఉన్నాయి, అవి నాకూ నచ్చవు. కానీ పెళ్లివాళ్లు అడిగింది అడిగినట్టు, ఆ పూటకు తగ్గట్టు పాడటమే లవుతార్ల వృత్తి అయినప్పుడు, ఈ రోజు దాన్ని ఎక్కువగా చేస్తున్నది మనెలె వాళ్లే. వాళ్లను గెంటేసి జానపదం గురించి మాట్లాడటం న్యాయం కాదు.

నా ఓటు మాత్రం మరియాకే. ఒక్క గొంతుతో, పాప్ నుంచి వచ్చి, జానపదం పాడాలనుకునేవాళ్లకు ఆవిడ దారి మేలు. ముందు పాట తెలిసినవాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకోవాలి, తర్వాత తాను అంతకుముందు నేర్చిన విద్యను దాచకుండా అందులో పెట్టాలి. చేతిలో మంచి బృందం, ఒక కవి ఉంటే ఫీనిక్స్‌లా కొత్తవి కట్టడం ఇంకా మంచిది. లొరెదానా దారి వినేవాళ్లకు మేలు, పాడేవాళ్లకు అంత కాదు. రొమేనియా పాటలు ఎప్పుడూ విననివాళ్లు 'అగురీద'తోనే మొదలుపెట్టండి, చెవికి త్వరగా అలవాటవుతుంది. అది నచ్చితే మరియా పాత రికార్డులకు వెళ్లండి. గరగర శబ్దం ఉంటుంది, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి.