పిల్లికి ఎకోనా, రక్తపరీక్షా? మరి డాబర్‌మన్‌కి?

మా పర్షియన్ పిల్లికి ఏడేళ్లు. టీకాకి తీసుకెళ్లినప్పుడల్లా స్టెతస్కోపు పెట్టి చూసి గుండె బాగుందనేవాళ్లు, మేమూ నిశ్చింతగా ఉన్నాం. మొన్న చలికాలంలో ఒక రాత్రి సోఫా మీద నిద్రపోతుంటే దాని డొక్కలు గబగబా ఎగిసిపడుతున్నట్టు అనిపించి, ఫోన్‌లో టైమర్ పెట్టుకుని లెక్కపెట్టాను, నిమిషానికి 46. నిద్రలో 30 దాటకూడదు. మర్నాడు ఎక్స్‌రే తీస్తే ఊపిరితిత్తుల్లో నీరు, ఎకోలో, అంటే గుండెకి చేసే అల్ట్రాసౌండ్ స్కాన్‌లో, ఎడమ కింది గది గోడ మందం 7 మిల్లీమీటర్లు. పిల్లికి 6 వచ్చిందంటేనే కండరం మందమైనట్టు లెక్క.

అందుకే పిల్లుల విషయంలో స్టెతస్కోపుని నమ్ముకుని కూర్చోవద్దంటాను. జబ్బున్న చాలా పిల్లుల గుండెలో తేడా చప్పుడేమీ వినపడదు, వినపడిన వాటిలో చాలావాటికి అసలు జబ్బే ఉండదు.

ఇక ప్రోబీఎన్‌పీ అనే రక్తపరీక్ష. గుండె కండరం మీద ఒత్తిడి పెరిగినప్పుడు రక్తంలో పెరిగే పదార్థాన్ని కొలుస్తుంది. ఆయాసం గుండె వల్లా, ఊపిరితిత్తుల వల్లా అని తేల్చుకోవాల్సిన టెన్షన్‌లో బాగా పనికొస్తుంది. కానీ తొలిదశ జబ్బుని పట్టలేకపోవచ్చు, కిడ్నీలు బాగాలేకపోయినా ఎక్కువ చూపించవచ్చు. అన్నిటికంటే ముఖ్యంగా, ఎడమ పై గది ఎంత ఉబ్బిందో అది చెప్పలేదు. ఆ గది ఉబ్బితే అందులో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ వెనక కాళ్లకి వెళ్లే రక్తనాళంలో ఇరుక్కుంటే పిల్లి నొప్పితో అరుస్తూ కాళ్లు ఈడ్చుకుంటుంది. దాన్ని ఆపడానికి క్లోపిడోగ్రెల్ అనే మందు మొదలుపెట్టాలా వద్దా అన్నది ముఖ్యంగా ఆ గది సైజుని బట్టే. కాబట్టి నా ఓటు ఎకోకే. మా పిల్లికి మత్తు కూడా ఇవ్వలేదు, మధ్యలో కంత ఉన్న టేబుల్ మీద పక్కకి పడుకోబెట్టి కింద నుంచి ప్రోబ్ పెట్టారు, నేను తల నిమురుతూ నిలబడ్డాను. మిషన్ ఉంటే చాలదు, పిల్లుల ఎకోలో చెయ్యి తిరిగిన డాక్టర్ కావాలి. కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కో, పళ్ల క్లీనింగ్‌కో మత్తు ఇవ్వబోయే ముందు అనుమానం ఉంటే తప్పక చేయించండి, గుండె మందమైన పిల్లికి సెలైన్ కాస్త ఎక్కువైనా ఆయాసంలోకి వెళ్లిపోగలదు.

డాబర్‌మన్‌ని కూడా ఇదే గాటన కట్టకండి. దాని గుండె మందం కాదు, సాగి బలహీనపడుతుంది, ఆ సాగడం కనపడకముందే కొట్టుకునే లయ తప్పొచ్చు. ఎకో బాగుందన్న కుక్క ఆడుకుంటూ ఆడుకుంటూ కుప్పకూలిపోయే ప్రమాదం అక్కడే ఉంది. ఆ లయ తప్పడాన్ని పట్టేది హోల్టర్, అంటే ఛాతీకి కట్టే చిన్న మిషన్, 24 గంటలు ప్రతి కొట్టుకోవడాన్నీ రాసుకుంటుంది. కింది గదుల నుంచి వచ్చే తప్పు లయలు రోజుకి 300 దాటితే జబ్బున్నట్టే, 50కీ 300కీ మధ్య ఉంటే కొన్ని నెలల్లో మళ్లీ పెట్టించాలి. అయితే హోల్టర్ ఒక్కటే చాలనుకోవద్దు. ఇంకా లక్షణాలు లేకపోయినా గుండె సాగిందని ఎకోలో తేలిన డాబర్‌మన్‌లకి పిమోబెండన్ అనే గుండె మందు ఇచ్చి చూసిన అధ్యయనం 2012లో వచ్చింది. గుండె ఫెయిలవడమో హఠాత్తుగా చనిపోవడమో జరిగేదాకా పట్టిన కాలం మందు వేసిన వాటిలో మధ్యస్థంగా (మీడియన్) 718 రోజులు, వేయనివాటిలో 441. ఆ మందు అవసరమని చెప్పేది ఎకోనే. అందుకే డాబర్‌మన్‌కి ఇదా అదా అని బేరం పెట్టొద్దు, మూడేళ్లు నిండినప్పటి నుంచి ఏడాదికోసారి రెండూ. మీ ఊళ్లో హోల్టర్ దొరక్కపోతే కనీసం ఐదు నిమిషాల ఈసీజీ తీయించండి, అందులో ఒక్క తప్పు లయ కనపడినా హోల్టర్ ఉన్న ఊరికి బయల్దేరాల్సిందే, ఏమీ కనపడకపోయినా ఆ ఐదు నిమిషాలని చూసి ధీమాగా ఉండకండి.