చెట్టు మీద వాలి బాణం వేసే శాడిల్, రెండు నెలలు వాడినంక

మా బావ టెక్సస్‌ల ఉంటడు, ఆడ సీజన్ రాంగనే లైసెన్స్ తీస్కొని జింకల వేటకు పోతడు, తుపాకీతోని కాదు, కొసలు ముంగటికి వంగిన రికర్వ్ విల్లుతోని, చెట్టెక్కి శాడిల్‌ల వాలి. పోయినసారి వచ్చినప్పుడు ఆ కిట్టు నాకిచ్చి పోయిండు. మనకాడ 1972 చట్టంతోని వేట బంద్, గందుకే నకిరేకల్ దిక్కు మా పొలంల యాపచెట్టెక్కి, గోనెసంచిల పాతబట్టలు కుక్కి దాని మీదనే కొడుతున్న.

శాడిల్ అంటే గుర్రం జీను కాదు, పిర్రల కింద వెడల్పు పట్టా, తొడలకు రెండు బెల్టులు, ముంగట బ్రిడ్జ్ అని చిన్న తాడు, దాన్ని చెట్టుకు చుట్టిన టెథర్ అనే తాడుకు తగిలించి చెట్టు దిక్కు మొఖం పెట్టి వెనక్కి వాలుడే. మా నాయిన తాళ్లెక్కేటోడు, చూడంగనే ఇది మోకు ముస్తాదే కదరా అన్నడు. వాలే పద్ధతి అయితే అదే. కాని ఇందుల ప్రూసిక్ ముడి బరువు పడంగనే బిగుస్తది. వాన పడ్డనాడు, కాళ్లు పెట్టనీకె చెట్టుకు బిగించిన ప్లాట్‌ఫాం మీద కాలు జారింది, జానెడు కూడ కిందికి రాలే. నాయిన కిందికెంచి చూస్తుండె, శానసేపు ఏం మాట్లాడలే. ఆయన దోస్తులు ఇద్దరు తాళ్ల మీదికెంచి పడి మంచాల పడ్డోళ్లు. 2024ల సర్కారు తాళ్లెక్కేటోళ్లకు కాటమయ్య రక్షణ కవచం కిట్లు ఇయ్యవట్టింది, అది వాళ్ల కాలంల ఉంటే ఎంత బాగుండు అనిపించింది.

ఇగ విల్లు సంగతి. ముందు 68 అంగుళాల లాంగ్‌బో అనే పొడుగు విల్లుతోని ఎక్కిన, కింది కొస మోకాలికి, బ్రిడ్జ్ తాడుకు తగులుడే. 58 అంగుళాల రికర్వ్ తెచ్చుకున్నంక హాయి, గుంజనీకె 40 పౌండ్ల బలం పట్టేది, కొంచెం పక్కకు వంచి పట్టుకుంటే దేనికీ తగలది. మొదటి వారం బాణాలన్ని సంచి మీదికెంచి పోయినయ్, ఎందుకంటే నేను చెయ్యి మాత్రమే కిందికి దించుతున్న, నడుముకాడ వంగితేనే భుజాలు సక్కగ ఉంటయ్. దూరం కూడ ఏటవాలుగ కాదు, చెట్టు మొదలుకెంచి సంచిదాక నేల మీద కొలవాలె. కుడిచేతోళ్లకు ఎడమ దిక్కు అల్క, కుడి దిక్కు కొట్టాలంటే చెట్టు చుట్టు తిరగాలె, ఆ అడుగులు ముందే ప్రాక్టీస్ చెయ్యాలె.

ఖరాబు అంటే, గంట దాటితే తుంటి ఎముకకాడ పట్టా మస్తు ఒత్తుతది, మన ఎండకు ఆ బట్ట చెమటతోని తడిసి ఒరుసుకపోతది. టెథర్ కిందికి కడితే ఇంక నొప్పి, నిలబడితే నుదురుకాడికి వచ్చేటట్టు కట్టుండ్రి. ఎక్కేటప్పుడు దిగేటప్పుడు నడుముకెంచి చెట్టు చుట్టు కట్టుకునే తాడు అస్సలు విప్పొద్దు.

నేనైతే 5కు 4 ఇస్త. నిన్న నాయిన తనంతల తనే అడిగి కట్టుకున్నడు, భూమికి మూడడుగుల ఎత్తుల పావుగంట వాలి ఉన్నడు, దిగుమంటే ఇంకొంచెంసేపు ఉండనియ్యి బిడ్డా అన్నడు.